ఏడున్నరకి రెట్టింపు

మా ఊళ్ళో మైకు అంటే మూడు వస్తువులు. చేత్తో పట్టుకుని మాట్లాడేది మైకే, ఎర్రలైటు వెలిగే ఆంప్లిఫయరూ మైకే, వేపచెట్టు కొమ్మకి కట్టిన గొట్టమూ మైకే. "మైకు మా ఇంటివైపు తిప్పారేంది, పసిపిల్ల పడుకుంటే" అని ఎవరన్నా పందిట్లోకి గొడవకొచ్చారంటే అది గొట్టం సంగతని మనమే అర్థం చేసుకోవాలి. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ కళ్ళు ఆ మూడోదాని మీదే. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు లైను మీద చిన్న పల్లెటూరు మాది, రైల్వే గేటు పక్కనే మైక్ సెట్ కొట్టు ఉండేది, ఆ కొట్టాయన మాకేమీ వరస కాదు గానీ ఊళ్ళో పిల్లలందరికీ బాబాయే.

బాబాయ్ దగ్గర రెండు గొట్టాలు, ఒక ఆంప్లిఫయరు, ఒక లారీ బ్యాటరీ, రికార్డుల పెట్టె ఉండేవి. కరెంటు ఎప్పుడు పోయేదీ తెలీదు కాబట్టి అసలు ఆస్తి ఆ బ్యాటరీయే. పెళ్ళికి పోయినా శ్రీరామనవమి పందిరికి పోయినా ముందు చెట్టెక్కి రెండు గొట్టాలూ వీపు వీపు ఆనించి ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ కట్టేవాడు. నేను కింద వైరు అందించేవాణ్ణి. "ప్లస్సూ మైనస్సూ చూసుకోరా, తేడా పడితే రెండూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి" అనేవాడు. ఒకటి గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుద్దని, రెండూ కలిసేచోట శబ్దం చచ్చిపోద్దని నాకు డిప్లొమాలో చెప్పారు, బాబాయ్ మాత్రం చెట్టు కొమ్మ మీద కూర్చునే చెప్పాడు.

ఆయన ఇంకో మాట కూడా అనేవాడు. "గొట్టానికి కరెంటు ఖర్చు లేదురా అబ్బాయ్, గాలే పనిచేసి పెట్టుద్ది." ఇది గొప్పలనుకునేవాణ్ణి గానీ నిజమే. మామూలు కాగితం స్పీకరు మనమిచ్చే కరెంటులో నూటికి ఒక పాలో రెండు పాళ్ళో శబ్దంగా మారుస్తుంది, మిగతాదంతా వేడి. మన అరచేత్తో చెరువు నీళ్ళని చరిచినట్టన్నమాట, చిందుతాయి తప్ప ముందుకి పోవు. అదే నీళ్ళని చిమ్మనగొట్టంలో పెట్టి తోస్తే ఎదురింటోడి చొక్కా తడుస్తుంది. హారన్, అంటే ఆ గొట్టం, చేసేది దాదాపు అదే, సన్న గొంతు దగ్గర గాలిని పట్టి ఉంచి మెల్లమెల్లగా వెడల్పు చేసుకుంటూ బయటికి వదులుతుంది, అందుకే అదే కరెంటుతో నూటికి పదో ఇరవయ్యో పాళ్ళ దాకా రాబట్టొచ్చు. పొలంలో కుప్పనూర్చేవాళ్ళకి కూడా పందిట్లో పద్యం వినపడేదంటే అందుకే.

నా మొదటి హారన్ 1985లో, కిరసనాయిలు డబ్బా రేకుతో. దాన్ని హారన్ అనడం కూడా ఎక్కువే, పెద్ద గరాటు. పాడైపోయిన ట్రాన్సిస్టర్ లోంచి పీకిన 3 అంగుళాల స్పీకరు దాని మూతికి లక్కతో అతికించా. చప్పుడు పెరిగింది, అందులో అనుమానం లేదు, కాకపోతే ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో వార్తలు చదివే ఆయనకి పడిశం పట్టినట్టు ఉండేది. మా నాన్న రెండు రోజులు ఓపిక పట్టి మూడో రోజు "ఆ ముక్కుతో మాట్లాడేదాన్ని తీసి అవతల పారెయ్" అన్నాడు.

గొట్టం అంటేనే అంత, గరగర, ముక్కుతో మాటలు, అని నేనూ అనుకునేవాణ్ణి తెనాలిలో ఒక సినిమా హాలు తెర వెనక్కి వెళ్ళేదాకా. మా మేనత్త వాళ్ళ వైపు చుట్టం ఒకాయన అక్కడ ఆపరేటరు, ఒక మ్యాట్నీకి నన్ను తెర వెనక్కి తీసుకెళ్ళాడు. చీకటి, గబ్బిలాల కంపు. తెరకి సన్న సన్న చిల్లులుంటాయి కదా శబ్దం ఇవతలికి రావడానికి, ఆ చిల్లుల్లోంచి బొమ్మ వెనక్కి కూడా కనపడుతోంది, కాకపోతే ఎడమ కుడి మారిపోయి, హీరో ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. తెరకి ఆనుకుని మనిషెత్తు చెక్కపెట్టె, దాని మీద నల్లటి ఇనప హారన్, దాని వెనక శబ్దం పుట్టించే చిన్న కుండంత యూనిట్. హీరోయిన్ తల్లి ఏదో గుసగుసగా చెప్తోంది, నా చెవికి మూరెడు దూరంలో, ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. హాలు మొత్తానికి అదొక్కటే. ఆ రోజు సినిమా ఏంటో గుర్తులేదు, ఆ ఊపిరి మాత్రం గుర్తుంది. గొట్టం తప్పు కాదు, గొట్టం ఆకారం తప్పు అని అప్పుడు తట్టింది.

1988లో బెజవాడలో డిప్లొమాలో చేరాక లైబ్రరీలో ఒక పాత రేడియో పుస్తకంలో దొరికింది లెక్క. గరాటులాగా తిన్నగా పెరిగితే లాభం లేదు, సమానమైన దూరానికి సమానమైన రెట్లు పెరగాలి, వడ్డీ మీద వడ్డీ లాగా. 200 హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 200 ఊపుల లావు శబ్దం దాకా, కిందకి దిగాలంటే ప్రతి 3¾ అంగుళాలకీ గొట్టం కన్నం విస్తీర్ణం రెట్టింపు అవ్వాలి, చివర మూతి చుట్టుకొలత ఆ 200 హెర్ట్జ్ అల పొడవంత ఉండాలి, అంటే వ్యాసం సుమారు 22 అంగుళాలు. లాగరిథమ్ టేబుల్స్ ముందేసుకుని రెండు రాత్రులు కూర్చున్నా. తీరా చూస్తే అంతా ఒక్క ముక్కలో తేలిపోయింది, విస్తీర్ణం 3¾కి రెట్టింపు అయితే వ్యాసం 7½కి రెట్టింపు. గొంతు దగ్గర 1 అంగుళం, ఏడున్నర అంగుళాలు పోయాక 2, ఇంకో ఏడున్నరకి 4, తర్వాత 8, తర్వాత 16, ఇంకో మూడుముప్పావు పోతే ఇరవై రెండున్నర. మొత్తం పొడవు 33¾. బడికి పోని వడ్రంగికైనా చెప్పొచ్చు. "ఏడున్నరకి రెట్టింపు" అని నోట్సు అట్ట మీద రాసుకున్నా, మా రూమ్మేటు అది చూసి వడ్డీ వ్యాపారం ఏమన్నా మొదలెట్టావా అని అడిగాడు.

ఇక యూనిట్. కొత్తది కొనే తాహతు లేదు. మా వైపు అహుజా అంటే కంపెనీ పేరని చాలామందికి తెలీదు, గొట్టానికే అది పేరనుకునేవాళ్ళు, 1940లో ఢిల్లీలో మొదలైన కంపెనీ మా పల్లెటూళ్ళో ఒక మామూలు మాటైపోయింది. బాబాయ్ కొట్టు అటక మీద కాలిపోయిన యూనిట్లు నాలుగైదు మూలుగుతుండేవి. ఒకటి అడిగితే "సచ్చినోడికి పెళ్ళెందుకురా" అని నవ్వి 30 రూపాయలు తీసుకున్నాడు. తీసుకున్నాడు చూడండి, ఊరికే ఇవ్వలా. బెజవాడలో గవర్నర్‌పేట వైపు రేడియో స్పేర్ల కొట్లు తిరిగి డయాఫ్రమ్, అంటే యూనిట్ లోపల కదిలి గాలిని తోసే పల్చటి పొర, కొనుక్కొచ్చా. యూనిట్ విప్పితే లోపల అయస్కాంతం సందులో తుప్పు, ఇనప రజను ఎంత ఉందంటే ఊదితే రాదు, గుడ్డతో తుడిస్తే రాదు, ఎటు తోసినా మళ్ళీ అక్కడికే పోయి అతుక్కుంటుంది. పోస్టుకార్డు ముక్కకి జిగురు టేపు బయటికి వచ్చేట్టు చుట్టి ఆ సందులో గుండ్రంగా తిప్పుకుంటూ ఒక పూటంతా లాగా. డయాఫ్రమ్ పెట్టాక దానికి అతికి ఉన్న తీగచుట్ట, కాయిల్, ఆ సందు నడిమధ్యలో ఉండాలి, వెంట్రుకవాసి పక్కకి పోయినా రాసుకుని గరగర అంటుంది. దానికి కొలత లేదు, స్క్రూలు వదులుగా ఉంచి చిన్న సౌండుతో రేడియో పెట్టి వేలితో అటూ ఇటూ జరుపుతూ గరగర పోయినచోట ఆపి ఒక్కో స్క్రూ ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి.

బిగించా. బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఆనందంలో హారన్ లేకుండానే యూనిట్ని బల్లమీద పెట్టి సౌండు పెంచా. పది నిమిషాల్లో టప్ మని ఒక చప్పుడు, అంతే. ముందు గాలి బరువు లేకపోతే డయాఫ్రమ్‌ని ఆపేది ఏమీ ఉండదు, బాస్ దెబ్బ వచ్చినప్పుడల్లా ఎగిరెగిరి పడి చిరిగిపోతుంది. మళ్ళీ గవర్నర్‌పేట. రెండోసారి బుద్ధొచ్చి రెండు 100 మైక్రోఫారడ్ కండెన్సర్లు మైనస్ కి మైనస్ కలిపి సిరీస్‌లో వేశా, రెండూ కలిస్తే 50 అవుతుంది, 16 ఓముల యూనిట్‌కి సరిగ్గా 200 హెర్ట్జ్ దగ్గర కింద శబ్దాలకి తలుపేస్తుంది. ఆ రెండు కండెన్సర్లూ ముందే వేసుంటే డయాఫ్రమ్ డబ్బులు మిగిలేవి, హాస్టల్లో నెల టిఫిను ఖర్చు అది.

యూనిట్ మరలు కూడా ఒక గొడవే. నీళ్ళ పైపు సాకెట్టు సరిపోద్దేమో అని తెచ్చి చూస్తే సరిపోలా. పైపుకి అంగుళానికి 11 మరలు, దీనికి 18, వ్యాసం ఒకటీ మూడుబై ఎనిమిది అంగుళం. ఆటోనగర్లో ఒక లేత్ షాపాయన దగ్గరికి పోతే లారీ పని మధ్యలో ఉన్నాడు, దీన్ని చూసి "ఇదేంది బొమ్మా" అన్నాడు గానీ సాయంత్రం ఉండమని, గేర్లు మార్చి ఇనప కాలరు కోసిచ్చాడు. యూనిట్ దానిలోకి తిరుగుతుంటే వచ్చే ఆ మెత్తటి శబ్దం ఉంది చూడండి, కొత్త చెప్పుల కిర్రులాగా, సగం పని అయిపోయిందనిపించింది.

మొదటి అసలు హారన్ రేకుది. జి.ఐ. షీటుని ఎనిమిది తామర రేకుల్లాగా కత్తిరించి అంచులు కలిపి సోల్డర్ చెయ్యాలి. తెనాలిలో బిందెలకి మాట్లు వేసే తాత ఒకాయన ఉండేవాడు, బజారు చివర బొగ్గుల కుంపటి పెట్టుకుని. నేను గీసిన అట్ట చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వేలితో వంపు మీద రాస్తూ "బాబూ, ఇది ఒంగుద్దని లెక్క వేశావా" అన్నాడు. వెయ్యలేదు. ఏడున్నర అనేది హారన్ నడిమధ్యలో కర్ర దూర్చి కొలిచే దూరం, రేకు పోయేది గోడ వంపు మీద, చివరికొచ్చేసరికి అది ఎక్కువ దూరం నడుస్తుంది, మొత్తం మీద దాదాపు రెండుముప్పావు అంగుళాల తేడా. రేకు కొయ్యకముందే ఆ తాత అడగబట్టి సరిపోయింది. పదహారు అంగుళాల దగ్గర ఒక్కో రేకు వెడల్పు ఆరుంపావు అని నేను చెప్తే దానికి అతుకు కోసం ఇంకో పావు కలుపుకున్నాడు, అడక్కుండా. యాసిడ్ పూసి, నవాసారం ముక్క మీద కడ్డీ రుద్ది, పొగ లేచాక సీసం కరిగించి లాగుతుంటే వెండి గీత పడ్డట్టు పడేది. నవాసారం అంటే మా ఊళ్ళో కొంతమందికి వేరే వ్యాపారం గుర్తొస్తుంది, సారా కాయడానికి బెల్లం ఊటలో వేసేది కూడా అదే, నేను ఒక ముక్క జేబులో పెట్టుకుని ఊళ్ళోకి వస్తే మా నాన్న అనుమానంగా చూశాడు.

రేకు హారన్ గట్టిగా పలికింది గానీ గణగణమనేది. ప్రతి మాట చివరా చిన్న పళ్ళెం కింద పడ్డట్టు. తారు పూసి గోనెపట్టా చుట్టి మళ్ళీ తారు పూశా, గణగణ తగ్గింది, బరువు మాత్రం ఇద్దరం మోసేంత అయింది. దాన్ని డాబా మీద పెట్టి సంక్రాంతికి రేడియో వేస్తే పక్క ఊరివాళ్ళు కూడా విన్నారని చెప్పుకునేవాణ్ణి, రుజువు లేదు. 1990 మే 9న కృష్ణ ముఖాన తుఫాను తీరం దాటింది కదా, ఆ రోజు పెంకుటిళ్ళ పెంకులే విస్తరాకుల్లాగా లేచిపోతుంటే 22 అంగుళాల నోరు తెరుచుకుని డాబా మీద కూర్చున్నదాన్ని గాలి ఊరుకుంటుందా. నాలుగు రోజుల తర్వాత మురుక్కాలవలో దొరికింది, ఎవరో కాలేసి తొక్కినట్టు అణిగిపోయి. యూనిట్ ముందే విప్పి లోపల పెట్టాను కాబట్టి బతికింది. ఆ నాలుగు రోజులూ ఊళ్ళో చచ్చిన గొడ్లని పూడ్చడమే పని, హారన్ గురించి ఎవరికి చెప్తాం.

రెండో హారన్ ఆలోచన అమ్మది. అమ్మదంటే ఆవిడకి తెలీదు. ఎండాకాలం మా ఇళ్ళల్లో చేటలకీ బుట్టలకీ మెత్తు వేసేవాళ్ళు కదా, పాత పేపర్లు మూడు రోజులు నానబెట్టి రోట్లో దంచి, నానిన మెంతులు రుబ్బి కలిపి, ఆ ముద్దని సత్తుగిన్నె బోర్లించి దాని మీద తట్టి ఎండబెడితే చెక్కంత గట్టి గిన్నె వచ్చేది. 1991 ఏప్రిల్లో ఆఖరి పరీక్షలు రాసి ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని పేపర్లు చింపుతుంటే అమ్మ చేసిన ఎండిన గిన్నెని వేలితో కొట్టి చూశా. టక్ అంది. మోగలేదు. రేకులాగా గణగణ లేదు. ఒక్కసారి లేచి నిలబడ్డా.

కానీ ముప్పైమూడు అంగుళాల వంపు మీద తట్టాలంటే అచ్చు కావాలి. కుమ్మరాయన్ని అడిగితే అంత పొడుగు కుండ ఏ దేవుడికీ చెయ్యలేదన్నాడు. మా పాలేరు తాతకి వడ్ల పురి కట్టడంలో పేరుంది, ఎండుగడ్డి పేనుకుంటూ వెంటి అల్లి గుండ్రంగా చుట్టుకుంటూ పోతే పురి అవుతుంది. ఆయనకి అట్ట ముక్క మీద వంపు కోసిచ్చి "ఈ అట్ట ఆనితే ఎక్కడా సందు ఉండకూడదు తాతా" అంటే వెదురుబొంగు నిలబెట్టి దాని చుట్టూ వెంటి చుట్టుకుంటూ పోయాడు, పైన సన్నం, కింద లావు. దాని మీద నల్లరేగడి బంకమన్ను పూసి అట్టని చుట్టూతా తిప్పుతూ నున్నగా గీశాం. తర్వాత నాయనమ్మ పాత చీర తడిపి చుట్టి, దాని మీద కాగితం మెత్తు. ఒక పొర, ఎండ, ఇంకో పొర, ఎండ, ఏడు పొరలు. రోహిణి కార్తె దగ్గర పడుతోంది, పొద్దున వేసిన పొర సాయంత్రానికి గలగల. ఇంటి చుట్టుపక్కల మెంతి వాసన, పక్కింటివాళ్ళు ఆవకాయ పెడుతున్నారా అని అడిగారు, అదీ నిజమే, అదే వారం అదీ పెట్టాం.

అచ్చు బయటికి తియ్యడం ఎట్టా అని మా తమ్ముడు అడిగాడు. పాలేరు తాత ముందు బొంగు ఊడపీకాడు, తర్వాత వెంటి కొస పట్టుకుని లాగడం మొదలెట్టాడు. గడ్డితాడు చుట్టలు చుట్టలుగా విప్పుకుంటూ పెద్ద మూతిలోంచి బయటికొచ్చేసింది, బుట్టలోంచి పాము వచ్చినట్టు, మా తమ్ముడు వాకిలి చివరి దాకా లాక్కుపోయాడు. ఎండిన మన్ను పెచ్చులు పెచ్చులుగా రాలింది, చీర పట్టి లాగితే మిగిలింది కూడా వచ్చేసింది. లోపల చెయ్యి పెట్టి చూస్తే తలుపు చెక్కలాగా నునుపు. గొంతు దగ్గర లేత్ షాపు కాలరు మెత్తులోనే పూడ్చి పెట్టాం. కుంకుడుకాయల బస్తా కంటే తేలిక, ఒక్క చేత్తో ఎత్తొచ్చు.

అది ఎట్టా పలికిందో ఇక్కడే చెప్పేస్తా. 4440 అనే ఆంప్లిఫయర్ ఐసీ వేసి చేసిన బోర్డు, 16 ఓముల మీద నాలుగు వాట్లు కూడా రావు. 200 కింద శబ్దాలకి పాత వాల్వు రేడియోలోంచి తీసిన 8 అంగుళాల స్పీకరు మట్టికుండ మూతి మీద బోర్లించి పెట్టా, అప్పట్లో మంగలి షాపుల్లో టీ కొట్లలో అందరూ చేసేదే. ప్రాంతీయ వార్తలు చదివే ఆయన మా నడవలో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంది. పడిశం లేదు. పేజీ తిప్పిన చప్పుడు కూడా వినపడింది. తర్వాత హైదరాబాదు వచ్చాక కోఠి గుజరాతీ గల్లీలోనూ ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ సగం జీతం పోసి చాలా చేశాను, చెక్కవీ ఫైబర్‌వీ, లెక్క ప్రకారం దానికంటే మంచివే అన్నీ.

కానీ ఆ శబ్దం వినడానికి నెల పైనే ఆగాల్సొచ్చింది. కాగితం హారన్ ఎండి తయారయ్యేసరికి ఎలక్షన్లు. బాబాయ్ సైకిలేసుకుని ఇంటికొచ్చాడు, రెండు పార్టీల జీపులకీ ఒప్పుకున్నాడంట, ఒక యూనిట్ కాలిపోయిందంట. "ఒరే, నీ యూనిట్ ఒక్క వారం ఇయ్యరా, పోలింగ్ అవగానే తెచ్చిస్తా." మరి 30 రూపాయలు వెనక్కిస్తావా బాబాయ్ అనబోయి ఊరుకున్నా. ఇచ్చా. అంతలో మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపారు, మిగిలిన పోలింగు జూన్ మధ్యకి పోయింది, దాంతో పాటు నా యూనిట్ కూడా. హారన్ మాత్రం నడవలో మడతమంచం మీద ఊరికే పడుంది.

నాయనమ్మకి అప్పటికి ఆరేడేళ్ళుగా చెవుడు. పూర్తిగా కాదు, చెవి దగ్గర అరిస్తే వినపడేది, అందుకని ఇంట్లో అందరం ఆవిడతో అరుస్తూనే మాట్లాడేవాళ్ళం, ఆవిడేమో మేమంతా ఎప్పుడూ కోపంగా ఉన్నామనుకునేది. ఒక మధ్యాహ్నం మడతమంచం మీద నడుం వాల్చి ఒత్తిగిల్లింది, చెవి సరిగ్గా హారన్ సన్నమూతి దగ్గరికి వచ్చింది. పెద్దమూతి వాకిట్లోకి ఉంది. ఒక్క నిమిషం తర్వాత లేచి కూర్చుని "ఎవరే, బిందె తోముతున్నారు?" అంది. అమ్మ బావి దగ్గర బిందె తోముతోంది, ముప్పై అడుగుల అవతల. అమ్మ చేతిలో బిందె అట్టాగే ఆగిపోయింది.

హారన్ కి ఇటు అటు అని లేదు. చిన్నమూతిలో పెట్టింది పెద్దమూతిలోంచి పోతుంది, పెద్దమూతిలో పడ్డది చిన్నమూతిలోకి చేరుతుంది. ఇరవై రెండున్నర అంగుళాల గుండ్రంలో పడ్డ గాలి మొత్తం అంగుళం కన్నంలోకి. మిషన్లు రాకముందు చెవిటివాళ్ళు చెవిలో పెట్టుకునే బాకాలు ఇవే. పుస్తకంలో ఆ పేజీ నేను చదివాను కూడా, నడవలో నాయనమ్మ ఉందని తట్టలా నాకు.

ఇక దాన్ని వదల్లేదు. మెత్తటి గుడ్డ చుట్టిచ్చాం కాలరుకి, చెవికి ఇనుము గుచ్చుకోకుండా. పొద్దున్నే హారన్ ని వాకిలివైపు తిప్పించుకునేది, పది గంటలకి గొడ్లసావిడి వైపు, సాయంత్రం పక్కింటి వైపు. పక్కింటి అత్తాకోడళ్ళ గొడవ ఆరేళ్ళ బాకీ మొత్తం వారంలో తీర్చుకుంది. "ఆ పిల్లదే న్యాయం" అని తీర్పు కూడా చెప్పింది, మేం ఎవరం అడక్కుండానే. మా నాన్న అలవాటు కొద్దీ పెద్దమూతి దగ్గర నిలబడి అన్నానికి రమ్మని అరిచాడు ఒకసారి, ఆవిడ ఉలిక్కిపడి "ఎందుకురా అట్టా అరుస్తావ్, నాకేమన్నా చెవుడా" అంది. చిన్నప్పుడు తెనాలి నాటకాలకి బండి కట్టుకుని పోయేవాళ్ళమని, మైకులు లేని రోజులని, కృష్ణుడు వేషం ఆయన రాగం తీస్తే చివరి చాప మీద కూర్చున్నవాళ్ళకి కూడా అక్షరం అక్షరం వినపడేదని చాలాసార్లు చెప్పేది. ఇప్పుడు మా తమ్ముణ్ణి వాకిట్లో నిలబెట్టి పద్యం పాడమనేది. వాడికి ఒక్క పద్యమే వచ్చు, అదే రోజుకి నాలుగుసార్లు పాడేవాడు, ఒక్కోసారికి పావలా.

జూన్ మూడో వారంలో బాబాయ్ యూనిట్ తెచ్చిచ్చాడు, జీపుల దుమ్ము దులిపి, శుభ్రంగా. నేను అది చేత్తో పట్టుకుని నడవలోకి పోయా. నాయనమ్మ పడుకునే ఉంది, చెవి హారన్ దగ్గరే, కళ్ళు మూసుకుని. యూనిట్ చూపించా. ఏంటది అంది. ఇది బిగిస్తే పాటలు వస్తాయి నాయనమ్మా అని పెద్దమూతి దగ్గరికెళ్ళి మామూలు గొంతుతోనే చెప్పా. కాసేపు ఆలోచించి, "వాన పడనీరా" అంది. "కప్పలు అరిచినాక తీసుకుపో. ఎన్నేళ్ళయిందో."

వాన నాలుగు రోజులకి పడింది, రాత్రి పదకొండింటికి. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపి హారన్ పెద్దమూతి ఊచల వైపుకి పెట్టాం, జల్లు లోపలికి కొడుతోంది, తడుస్తుందని నేను గోనెపట్టా అడ్డం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. వెనక మడుగులో ముందు ఒకటి మొదలెట్టింది, తర్వాత నాలుగు, తర్వాత లెక్కలేదు. నేను అట్టాగే కింద కూర్చుని నిద్రపోయా. పొద్దున లేచేసరికి పెద్దమూతి కింది అంచు తడిసి మెత్తబడి రెండంగుళాలు కిందకి జారింది, గదంతా తడి మెంతుల వాసన, నాయనమ్మ కాలరుకి చుట్టిన గుడ్డ విప్పి మడతపెట్టి తలగడ కింద పెట్టుకుంటోంది.